సముద్రం కింది లెక్కలు
(డైరీ పుటలు)

9 జనవరి 2024, మంగళవారం, టెక్కలి

మొన్న ఆదివారం కాకినాడ సముద్రంలో ఓఎన్‌జీసీ కొత్త బావి నుంచి మొదటి చమురు పైకి వచ్చింది. కేజీ-డీడబ్ల్యూఎన్-98/2 అనే బ్లాకు అది, తీరానికి సుమారు 35 కిలోమీటర్ల దూరం. పూర్తిస్థాయికి చేరితే రోజుకు 45,000 పీపాల చమురు, కోటి ఘనపు మీటర్లకు పైగా గ్యాసు వస్తాయంటున్నారు. దేశంలో తీస్తున్న చమురూ గ్యాసూ దీనివల్ల ఏడు శాతం పెరుగుతాయని పెట్రోలియం మంత్రి చెప్పారు.

సాయంత్రం భావనపాడు నుంచి తమ్ముడు ఫోన్ చేశాడు. టీవీలో చూశాడట. “అప్పా, మన సముద్రంలోనే నూనె దొరికినాదంట కదా. ఇంక డీజిలు రేటు తగ్గుతాదేటి?”

వాడు అడగాల్సిన ప్రశ్నే అది. బోటు వేటకు కదిలిందంటే ముందు డీజిలు డబ్బు, తర్వాత ఐసు డబ్బు, ఆ తర్వాతే చేప. లీటరు వందకు దగ్గర్లో ఉంది. ప్రభుత్వం ఇచ్చే తొమ్మిది రూపాయల రాయితీ పోగా మిగిలినదంతా వలలో పడే కవళ్లూ కానాగంతలే కట్టాలి.

రాత్రి కూర్చుని లెక్క వేశాను. దేశం రోజుకు వాడే చమురు సుమారు 54 లక్షల పీపాలు. 98/2లో ఉన్న బావులన్నీ అనుకున్నట్టు పనిచేసినా అందులో నూటికి ఒక వంతు కూడా నిండదు. మనకు కావలసిన ముడిచమురులో నూటికి 87 వంతులకు పైగా ఓడల్లో బయటి నుంచే వస్తోంది. మంత్రి చెప్పిన ఏడు శాతం తప్పు కాదు, అది మనం తీసేదానితో పోల్చిన లెక్క. నేను వేసిన ఒక్క శాతం మనం వాడేదానితో పోల్చిన లెక్క. రేపటి అవసరాల గురించి మాట్లాడేటప్పుడు జనానికి రెండూ పక్కపక్కనే చెప్పాలి.

తమ్ముడికి ఇదే చెప్పాను. ఇక్కడ తీసిన చమురుకూ ప్రపంచ మార్కెట్ ధరే కడతారు కాబట్టి నీ డీజిలు చవక కాదురా, కానీ ఆ మేరకు డాలర్లు బయటికి పోవు, ఎక్కడో యుద్ధం వచ్చి ఓడలు ఆగినప్పుడు కొంచెం ధైర్యం ఉంటుంది అన్నాను. “కొంచెమేనా?” అన్నాడు. కొంచెమే. కాని ఆ కొంచెం విలువైనది.

16 జనవరి, కనుమ, భావనపాడు

పండక్కి మేనల్లుడు వచ్చాడు. అబుదాబిలో వెల్డరు. మా ఉద్దానం ఊళ్లలో ఇంటికొకడు ఇలా ఉంటాడు. సోంపేట, కంచిలి, కవిటి, వజ్రపుకొత్తూరు, ఎక్కడికెళ్లినా వెల్డింగు నేర్పే షెడ్డు ఒకటి, విదేశాలకు పంపే ఏజెంటు ఆఫీసు ఒకటి కనిపిస్తాయి. వెల్డర్లు, రిగ్గర్లు, ఫిట్టర్లు. గల్ఫ్ దేశాలు సముద్రం నుంచి తీసే చమురులో మా పిల్లల చెమట ఎంత ఉందో ఎవరూ లెక్క కట్టలేదు.

భోజనాలయ్యాక అరుగు మీద కూర్చుని వాడు 98/2 పని గురించి చెప్పాడు. తోటి వెల్డర్లు కొందరు కాకినాడలో ఆ పని చేశారట. “అత్తా, ఆ నూనెలో మైనం ఎక్కువ. సముద్రం అడుగున చల్లదనానికి గొట్టంలోనే గడ్డకట్టేస్తాది,” అన్నాడు. చలికాలం పొద్దున మన ఇళ్లలో కొబ్బరినూనె సీసా ఎలా ఉంటుందో అలా. అందుకని గొట్టంలో ఇంకో గొట్టం పెట్టి, మధ్యలో వేడి పోకుండా పొర వేసి, సముద్రం అడుగున పరిచారు. పైకి వచ్చిన చమురును నీటిమీదే శుద్ధిచేసి నిల్వ పెట్టుకునే పెద్ద ఓడ ఒకటి అక్కడే నిలబడి ఉంటుంది. గ్యాసు గొట్టాల్లో కోనసీమలోని ఓడలరేవుకు వెళుతుంది. ఈ బ్లాకులో నీటి లోతు మూడు వందల మీటర్ల నుంచి మూడు వేలు దాటేదాకా ఉంది. అంత లోతుకు మనిషి దిగలేడు, యంత్రాలే దిగుతాయి. ఒక్కొక్క గడువూ దాటిపోయి, 2021 అనుకున్న చమురు 2024కు వచ్చింది. ఇంత కష్టమైన పని మన దేశంలో చేశారంటే నాకు నిజంగా గర్వంగా ఉంది.

వాడి మనసులో మాట వేరు. “కాకినాడలో ఇస్తే సగం జీతానికైనా వచ్చేస్తానత్తా. అమ్మనీ నాన్ననీ చూసుకుంటాను.”

గొట్టాలు వేసేటప్పుడు, ప్లాట్‌ఫాం కట్టేటప్పుడు వేలమంది చేతులు కావాలి. చమురు రావడం మొదలయ్యాక నడిపేందుకు కొద్దిమంది చాలు. వాళ్లకు వెల్డింగు ఒక్కటే సరిపోదు. పరికరాల పని, నియంత్రణ పని రావాలి. సెలవులు అయ్యేలోగా విశాఖలో అలాంటి కోర్సు ఏదైనా ఉందేమో కనుక్కోమని చెప్పాను. ఆ పని వస్తే చమురు బావి దగ్గరా బతకొచ్చు, బావి ఎండిపోయాక మరోచోటా బతకొచ్చు.

2 ఫిబ్రవరి, శుక్రవారం, టెక్కలి

సెకండియర్ అర్థశాస్త్రం క్లాసులో ఒకమ్మాయి అడిగింది: “మేడమ్, మన శ్రీకాకుళం సముద్రంలో చమురు లేదా?”

బోర్డు మీద తీరం గీశాను. కృష్ణా గోదావరులు కోట్ల సంవత్సరాలుగా మోసుకొచ్చిన ఒండ్రు కింద, పాతకాలపు జీవపదార్థం వేడికీ ఒత్తిడికీ మగ్గి చమురూ గ్యాసూ అయింది. విశాఖకు దిగువన ఉన్న ఆ ప్రాంతమే కేజీ బేసిన్. పైన ఒడిశా వైపు మహానది బేసిన్. మనం ఈ రెంటి నడుమ ఉన్నాం. మన దగ్గర తూర్పు కనుమల రాయి సముద్రానికి బాగా దగ్గరగా వస్తుంది. వంశధార, నాగావళి గోదావరితో పోలిస్తే చిన్న నదులు. మన ఇసుకలో ఇల్మనైటు, గార్నెట్టు వంటి బరువైన ఖనిజాలున్నాయి. మనకు ఎదురుగా సముద్రంలో ఇవాళ చమురు తీస్తున్న బావి మాత్రం లేదు.

“అయితే మనకేం సంబంధం లేదన్నమాట,” అన్నాడు వెనక బెంచీ పిల్లాడు. ఉంది. 2022లో కేంద్రం అన్వేషణకు నిషేధం ఉన్న సముద్రప్రాంతంలో దాదాపు 99 శాతాన్ని తెరిచింది. అది పది లక్షల చదరపు కిలోమీటర్ల పైమాట. ఇకముందు వెతుకులాట ఏ తీరానికైనా రావచ్చు. అందుకే గోదావరి తీరం అనుభవం మనం ఇప్పుడే చదువుకోవాలన్నాను. మూడు కథలు చెప్పాను.

మొదటిది రవ్వ క్షేత్రం. 1987లో ఓఎన్‌జీసీ కనుగొంది, 1993 నుంచి చమురు వస్తోంది. పదికోట్ల పీపాలు తీయొచ్చని మొదట అనుకున్నారు, అంతకు రెండింతలు మించి ఇచ్చింది.

రెండోది రిలయన్స్ వారి కేజీ-డీ6. 2002లో దొరికింది. 2009 ఏప్రిల్‌లో గ్యాసు మొదలైంది. రోజుకు 8 కోట్ల ఘనపు మీటర్లు వస్తాయని ప్రణాళిక వేశారు. 2010లో ఆరు కోట్లు దాటి, అక్కడినుంచి జారిపోయింది. పది లక్షల కోట్ల ఘనపుటడుగులుగా చెప్పిన నిల్వను 2012లో మూడు లక్షల కోట్లకు కాస్త అటూ ఇటూగా తగ్గించి రాశారు. మొదటి రెండు క్షేత్రాలు 2020 ఫిబ్రవరిలో పూర్తిగా ఆగాయి. అదే బ్లాకులో మరింత లోతున ఉన్న కొత్త క్షేత్రాలు ఆ ఏడాది చివరి నుంచి గ్యాసు ఇస్తున్నాయి.

మూడోది దీన్‌దయాళ్ క్షేత్రం. గుజరాత్ ప్రభుత్వ సంస్థ జీఎస్‌పీసీ 2005లో ఇరవై లక్షల కోట్ల ఘనపుటడుగుల గ్యాసు దొరికిందని ప్రకటించింది. తర్వాత ఆమోదం పొందిన అంచనా అందులో పదోవంతు. చివరికి 2017లో ఆ క్షేత్రంలో జీఎస్‌పీసీకి ఉన్న 80 శాతం వాటానంతా ఓఎన్‌జీసీ కొనుక్కుంది.

ఒకే సముద్రంలో ఒకటి అనుకున్నదానికన్నా ఎక్కువిచ్చింది, ఒకటి మూడోవంతుకు పడిపోయింది, ఒకటి పదోవంతు దగ్గర ఆగింది. సముద్రం కింద ఉన్న నిల్వ గురించి ఎవరు ఎంత చెప్పినా అది అంచనాయే. ధ్వని తరంగాలు పంపి రాతిపొరల బొమ్మ గీస్తారు, బావులు తవ్వి సరిచూస్తారు, అయినా రాయి లోపల గ్యాసు ఎలా కదులుతుందో ఉత్పత్తి మొదలయ్యాకే తెలుస్తుంది. అందువల్ల అంచనా మీద ఊళ్ల జీవితాలను తాకట్టు పెట్టకూడదు. ఈ మాట పిల్లలు నోట్సులో రాసుకున్నారు.

28 ఫిబ్రవరి, బుధవారం, భావనపాడు

నౌపడా ఉప్పుమడుల మీదుగా వస్తుంటే ఆటోలో ఎవరూ మాట్లాడలేదు. ఈరోజు ఏ రోజో అందరికీ గుర్తుంది. 2011లో ఇదే తేదీన కాకరాపల్లిలో కాల్పులు జరిగి ఇద్దరు చనిపోయారు. తంపర భూముల్లో 2,640 మెగావాట్ల బొగ్గు విద్యుత్ కేంద్రం వద్దని జనం కూర్చున్నారు. తంపర అంటే వానాకాలంలో నీళ్లు నిలిచి చేపలూ గడ్డీ ఇచ్చే నేల. దానికి ఏడు నెలల ముందు, 2010 జూలై 14న సోంపేటలో బీల అనే చిత్తడి నేలల కోసం కూడా ప్రాణాలు పోయాయి. ఆరోజే అక్కడి విద్యుత్ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని అప్పీలు సంస్థ రద్దు చేసింది. కాకరాపల్లి కేంద్రం సగంలో నిలిచిపోయింది.

పక్కనే తేలినీలాపురం. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్కులు చింతచెట్ల మీద పిల్లల్ని పెంచే ఊరు. ఆ పక్షులకు మేత కూడా ఈ తంపరలోనే.

ఇవాళ నాకు రెండు దృశ్యాలు ఒకదాని పక్కన ఒకటి కనిపించాయి. గోదావరి జిల్లాల్లో డీ6 గ్యాసును నమ్మి కట్టిన విద్యుత్ కేంద్రాలు గ్యాసు రాక ఏళ్ల తరబడి పడుకున్నాయి. వేల కోట్ల బ్యాంకు అప్పు, తుప్పు పట్టే యంత్రాలు. ఇక్కడ కాకరాపల్లిలో జనం ఒప్పుకోక ఆగిపోయిన కట్టడం. అక్కడ లోపించింది నిజమైన అంచనా, ఇక్కడ లోపించింది మనుషుల సమ్మతి. శక్తి కోసం పెట్టే ఏ ప్రాజెక్టుకైనా ఈ రెండూ మొదట ఉండాలి. ఒక్కటి లేకపోయినా డబ్బు పోతుంది, భూమి పోతుంది, ఒక్కోసారి ప్రాణాలు పోతాయి. రేపు ఈ సముద్రంలో చమురు వెతికేవాళ్లు వచ్చినా నేను అడగబోయేవి ఇవే.

21 ఏప్రిల్, ఆదివారం, భావనపాడు

వేట నిషేధం మొదలైంది. జూన్ 14 వరకు బోట్లన్నీ ఒడ్డునే. తమ్ముడు చెట్టుకింద వల బాగుచేసుకుంటున్నాడు. పక్కన కూర్చున్నాను.

“కాకినాడ వాళ్లకి నూనె కంపెనీ నెలకింత ఇచ్చినాదంట?” అన్నాడు.

ఇచ్చింది. పైపులైను పనులవల్ల వేట దెబ్బతిన్నందుకు ఓఎన్‌జీసీ తరఫున కోనసీమ, కాకినాడ జిల్లాల్లో 23,458 మత్స్యకార కుటుంబాలకు నెలకు 11,500 రూపాయల చొప్పున ఆరు నెలలకు లెక్కగట్టి, 2023 నవంబరులో సుమారు 161 కోట్లు జమచేశారు. అడగడం, కలిసికట్టుగా నిలబడడం వల్ల వచ్చిన డబ్బది. మంచిదే. కాని గొట్టం వేసిన నెలలకే పరిహారం, గొట్టం ఉండేది ఏళ్ల తరబడి. బావి చుట్టూ వల వేయకూడని మేర అన్నేళ్లూ ఉంటుంది.

ఇంకో సంగతి తమ్ముడికి చెప్పాను. నేలమీద చమురు తీస్తే రాయల్టీ రాష్ట్రానికి వస్తుంది. ప్రాదేశిక జలాల్లోనైనా, అవతల సముద్రంలోనైనా నేలకింద ఉన్న ఖనిజం రాజ్యాంగం 297వ అధికరణం ప్రకారం కేంద్రానిది. అందుకని సముద్రం చమురు రాయల్టీ ఢిల్లీకి వెళుతుంది. ఆ బావి ఎదురుగా ఉన్న పల్లెకు చట్టప్రకారం వాటా ఏమీ లేదు. వచ్చేది పరిహారమే, లేదా కంపెనీ సామాజిక బాధ్యత కింద ఇచ్చే బడిగది, నీళ్లట్యాంకు.

తమ్ముడు చాలాసేపు వల ముడులు వేస్తూ ఉండిపోయి, “మునిగేది మనం, తేలేది ఆళ్లా?” అన్నాడు.

ఈ మాట న్యాయమైనది. ప్రమాదం వచ్చినప్పుడు దాన్ని మోసేది తీరమే. 2010 ఏప్రిల్ 20న మెక్సికో సింధుశాఖలో డీప్‌వాటర్ హొరైజన్ రిగ్గు పేలి పదకొండు మంది చనిపోయారు. 87 రోజులు చమురు సముద్రంలో కలిసింది. ఆ బావి నడిపిన బీపీయే మరుసటి ఏడాది కేజీ-డీ6లో భాగస్వామి అయింది. నేలమీదే అయినా పాశర్లపూడి బావి 1995లో 65 రోజులు మండింది. ఇవి చెప్పి భయపెట్టాలని కాదు. నూనె తెట్టు వస్తే ఎవరు ఎన్ని గంటల్లో వస్తారు, అడ్డుకట్టలు ఎక్కడ నిల్వ ఉన్నాయి, వేట ఆగిన రోజులకు ఎవరు కడతారు అన్నది ముందే కాగితంమీద ఉండాలి. ప్రతి శీతాకాలం మన ఇసుకమీదికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేళ్ల తరఫున కూడా ఎవరో ఒకరు ఆ కాగితంలో రాయాలి.

రాయల్టీలో ఒక చిన్న భాగాన్ని ఎదురుగా ఉన్న తీరపల్లెలకు చట్టంగా కేటాయించాలి. గనులున్న జిల్లాలకు ఖనిజ నిధి ఉన్నప్పుడు, సముద్రపు గనికి ఎదురుగా ఉన్నవాళ్లకు ఎందుకు ఉండకూడదు?

11 అక్టోబర్, శుక్రవారం, పలాస

పనిమీద వచ్చి చుట్టాలింట్లో ఉండిపోయాను. రేపు దసరా. ఇంట్లో మాటలన్నీ తిత్లీ తుపాను మీదికే వెళ్లాయి. 2018లో ఇదే రోజు తెల్లవారుజామున ఈ చుట్టుపక్కలే తీరం దాటింది. పొద్దుటికి ఉద్దానం ఉద్దానంలా లేదు. కొబ్బరిచెట్లు మొదలంటా కూలాయి, జీడితోటలు నేలకంటుకుపోయాయి. కొబ్బరి మళ్లీ కాపుకు రావాలంటే ఏళ్లు పడుతుంది. ఆ మధ్యకాలంలోనే ఎంతోమంది పిల్లలు వెల్డింగు నేర్చుకుని విమానాలెక్కారు.

వేడెక్కిన సముద్రం తుపాన్లకు బలమిస్తుంది. చమురు, బొగ్గు, గ్యాసు కాల్చడంవల్ల వచ్చే కార్బన్ డయాక్సైడ్ సముద్రాన్ని వేడెక్కిస్తుంది. ఏ ఒక్క తుపానునూ ఏ ఒక్క బావికీ ముడిపెట్టలేం. కాని సముద్రం నుంచి ఇంకా ఇంకా చమురు తీసి కాలుస్తూనే ఉండడమే భవిష్యత్తు అంటే, ఆ భవిష్యత్తు ఖర్చు మొదట పడేది ఇలాంటి ఊళ్లమీదే.

మంచురూపంలో మీథేను దాగిన గ్యాస్ హైడ్రేట్లు కేజీ బేసిన్‌లో ఉన్నాయని 2006లో పరిశోధన ఓడ జాయిడెస్ రిజల్యూషన్ తవ్వి చూపించింది. ఒకచోట సుమారు 130 మీటర్ల మందం. అప్పటినుంచి రేపటి శక్తి అదేనని వింటూనే ఉన్నాం. జపాన్, చైనా తమ సముద్రాల్లో ప్రయోగాత్మకంగా తీసి చూశాయి. అమ్ముకునే స్థాయిలో తీయడం ఇంకా ఎవరివల్లా కాలేదు. పరిశోధన ఆపమని నేననను. అది వస్తుందని ఎదురుచూస్తూ ఎండనూ గాలినీ పక్కన పెట్టడం మాత్రం తప్పు.

27 డిసెంబర్, శుక్రవారం, టెక్కలి

బీపీసీఎల్ మన రాష్ట్రంలో కొత్త రిఫైనరీ కోసం ముందస్తు పనులకు 6,100 కోట్లు ఖర్చుపెట్టడానికి ఆమోదం తెలిపింది. స్థలం నెల్లూరు జిల్లా రామాయపట్నం అంటున్నారు. కొన్నాళ్లు మూలపేట పేరు కూడా వినిపించింది. భావనపాడు పోర్టుగా మొదలైన ఆలోచన మూలపేట పేరుతో 2023 ఏప్రిల్ 19న శంకుస్థాపన జరుపుకుంది. నాలుగు బెర్తుల పని నడుస్తోంది. రిఫైనరీ ఇటు రానందుకు కొందరు స్టాఫ్‌రూములో బాధపడ్డారు, కొందరు ఊపిరి పీల్చుకున్నారు. ఓడరేవు ఉన్నచోటికి ఇవాళ కాకపోతే రేపు ఏదో ఒకటి వస్తుంది. వచ్చినప్పుడు మనం సిద్ధంగా ఉన్నామా అన్నదే నా ఆలోచన.

ఈ ఏడాది పొడవునా రాసుకున్నవి మళ్లీ చదివాను. నాకు తేలింది ఇది. సముద్రపు చమురు తీయాలి. 2011-12లో 3.8 కోట్ల టన్నులు ఉన్న దేశీయ ఉత్పత్తి 2.9 కోట్లకు పడిపోయిన దేశం, తన దగ్గర ఉన్నది వదులుకోలేదు. ఎరువుకూ, వంటగ్యాసుకూ, లారీకీ, తమ్ముడి బోటుకూ ఇంకా కొన్నేళ్లు అది కావాలి. కాని అది మన అవసరంలో చిన్న భాగాన్ని, కొంతకాలం మాత్రమే తీరుస్తుంది. ఆ కాలాన్ని మరో శక్తికి మారడానికి వాడుకుంటేనే ఆ చమురుకు విలువ.

వచ్చే గ్రామసభకు తమ్ముడితోపాటు వెళతాను. ఏ కంపెనీ వచ్చినా, ఏ ప్రభుత్వం పంపినా అడగాలని నాలుగు ప్రశ్నలు తెలుగులో శుభ్రంగా రాసి ఇచ్చాను. అంచనా ఎంత, దాన్ని స్వతంత్రంగా సరిచూసింది ఎవరు? ఎన్నేళ్లు వస్తుంది, ఆగాక బావినీ గొట్టాలనూ ఎవరు ఖర్చుపెట్టి మూస్తారు? ప్రమాదం జరిగితే ఏ గంటకు ఎవరు బాధ్యులు? రాయల్టీలో తీరానికి ఎంత? నాలుగింటికీ రాతపూర్వక జవాబు వచ్చాకే చేతులెత్తమని ఊరివాళ్లకు చెప్పే బాధ్యత తమ్ముడు తీసుకున్నాడు.

మేనల్లుడు విశాఖలో పరికరాల కోర్సులో చేరడానికి దరఖాస్తు పంపాడు. ఫీజులో సగం నేను కడతానన్నాను. సోమవారం క్లాసులో ఈ నాలుగు ప్రశ్నలనూ పిల్లలచేత చర్చ చేయిస్తాను. అయిదో ప్రశ్న ఏమిటో వాళ్లే తేల్చాలి.